భైరవి తర్వాత పాట ఉండదు

మా ఇంట్లో దాన్ని పియానో అంటాం. నిజానికి అది కరెంటు మీద నడిచే కీబోర్డు. ఒక మీట నొక్కితే పియానో, ఇంకోటి నొక్కితే పిల్లనగ్రోవి, మరోటి నొక్కితే ఏదో జంతువు అరిచినట్టు ఉంటుంది. మాకు పియానో ఒక్కటే చాలు. సాయంత్రం బిచ్కుంద వైపు ఊళ్ళో బడి ముగించుకుని, బస్సులో ఊగుతూ వచ్చి బాన్సువాడలో దిగేసరికే నా నడుము సగం పోయి ఉంటుంది. ఇల్లు చేరగానే మొహమైనా కడుక్కోకుండా మా ఆయనను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. కుడిచెయ్యి నా మెడ చుట్టూ వేసుకుంటే ఆ చేతిలో బలం ఉండదు, బరువు మాత్రం ఉంటుంది. తర్వాత ఆయన ముందు బల్ల జరిపి, దాని మీద పియానో పెట్టి, మీద కప్పిన గుడ్డ తీస్తాను. ఇదంతా అయ్యాకే నాకు చాయ్.

నిరుడు నాట్ల కాలంలో ఆయన పొలం గట్టు మీదే పడిపోయాడు. చెరుకు తోటలో పని చేస్తున్నవాళ్ళు చూసి ఆటోలో వేసుకొచ్చారు. ఇక్కడి దవాఖానలో చెయ్యి పెట్టలేదు, నిజామాబాద్ తీసుకెళ్ళమన్నారు. ప్రాణం దక్కింది. కుడికాలు, కుడిచెయ్యి, మాట పోయాయి. మాటల్లో ఒక్కటి మాత్రం మిగిలింది: "అగో". మంచినీళ్ళు కావాలన్నా అగో, ఫ్యాను ఆపాలన్నా అగో, నా మీద కోపం వచ్చినా అగో. పగలు ఆయనను చూసుకోవడానికి తండా నుంచి ఒక అవ్వ వస్తుంది. ఆమె రోజంతా తన లంబాడీ మాటల్లోనే ఆయనతో కష్టసుఖాలు చెప్పుకుంటుంది. ఈయన అగో అంటాడు, ఆమె తలూపుతుంది. వాళ్ళిద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇన్నేళ్ళు ఆ మనిషితో సంసారం చేసిన నాకే ఒక్క అగో అర్థమై చావదు.

నిజామాబాద్‌లో మాటలు నేర్పించే డాక్టరమ్మ ఒకరు ఉన్నారు. ఆమె చెప్పింది విని నాకు మళ్ళీ ఆశ పుట్టింది. "తల లోపట మాటకు ఒక దిక్కు, పాటకు ఇంకో దిక్కు ఉంటదమ్మా. మాట రానోళ్ళకు ఒక్కోసారి పాట వస్తది. పాట పట్టుకొని మాట కూడ రావచ్చు. మీ సారుకు బాగ అలవాటైన రాగం ఏదన్న ఉంటే దినాం వినిపించుండ్రి, ఎంట పాడమనుండ్రి. అయితే ఆలస్యం చేయొద్దు. వచ్చేదుంటే మొదటి ఏడాదిలనే ఎక్కువ వస్తది."

బాగా అలవాటైన రాగమా! మా ఆయన భజన మండలిలో హార్మోనియం వాయించి పాడేవాడు. పగలు పొలం, సాయంత్రం పెట్టె. శనివారమొచ్చిందంటే ఇంట్లో మనిషి ఉండడు. మాది సరిహద్దు ప్రాంతం కదా, మా భజనల్లో తెలుగెంతో మరాఠీ అంత. రాగాల పేర్లు కూడా అటునుంచి వచ్చినవే. నాకు అందులో ఒక్క రాగమే తెలుసు, భైరవి. దక్షిణాది కచేరీల్లో పాడే భైరవి కాదిది, అటువాళ్ళ భైరవి. నాకు అది తెలియడానికి సంగీతం కారణం కాదు, ప్రసాదం కారణం. భజన మొదలయ్యేటప్పటికి నేను ఇంట్లో వంట మీదో, బడి పిల్లల పేపర్ల మీదో ఉండేదాన్ని. ఆఖరుకు పుట్నాలూ బెల్లం కలిపి పళ్ళెంలో పట్టుకెళ్ళి మందిరం గడప దగ్గర కూర్చునేదాన్ని. మా ఆయన గొంతులో భైరవి వినబడిందంటే హారతి వెలిగించాలి, ప్రసాదం పంచాలి, ఇంటికి పోవాలి. భైరవి నాకు బడిగంట. అన్నేళ్ళలో ఆయన పాట నేను మనసుపెట్టి విన్నది ఆ కాసేపే. అందుకే డాక్టరమ్మ అడగ్గానే నాకు ఇంకో ఆలోచన రాలేదు.

హార్మోనియం మండలిది. ఆయన పడిపోయాక ఇంకొకరు వాయిస్తున్నారు, దాన్ని తెచ్చివ్వమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పైగా ఆయనను లేపీ లేపీ నా ఎడమ భుజం పడిపోయింది, తిత్తి ఊదడం నా వల్ల కాదు. మా చెల్లెలి ఇంట్లో ఈ పియానో బీరువా మీద పడి ఉండేది. వాళ్ళ అమ్మాయికి కొన్నాళ్ళ మోజు, తర్వాత ఎవరూ ముట్టలేదు. "తీస్కపో అక్కా, ఉత్తగ దుమ్ము పడ్తుంది" అని చెల్లెలు తనే ఆటోలో వేసుకొచ్చింది. పెట్టి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "గీ వయసుల నీకిది వస్తదంటవా?" అంది. నా ఒళ్ళు మండింది. వస్తుందో రాదో నాకూ తెలియదు మరి.

ఫోనులో ఒకాయన పాఠాలు చెబుతాడు, ఆయన వేళ్ళు తప్ప మొహం కనబడదు. మొదటి తెల్ల మెట్టును సా అనుకోమన్నాడు. భైరవికి రి, గ, ధ, ని అన్నీ కోమలం, అంటే కాస్త దిగినవి, కాబట్టి నాలుగు నల్ల మెట్లు తొక్కాలి. నా వేళ్ళు సుద్దముక్క పట్టిన వేళ్ళు. నల్లమెట్టు మీద పెడితే జారి తెల్లమెట్టు మీద పడేవి. వంటింట్లో పప్పు ఉడుకుతుంటే రాతి గట్టు మీద సుద్దతో మెట్లు గీసుకుని వేళ్ళు తిప్పాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు ఆ పాఠాలాయనే ఇంకో సంగతి చెప్పాడు. మొదటి తెల్లమెట్టు వదిలేసి మూడో తెల్లమెట్టును సా అనుకోండి, అక్కడి నుంచి వరసగా తెల్లవే వాయించుకుంటూ పోండి, అదే భైరవి, ఒక్క నల్లమెట్టూ అక్కర్లేదు అన్నాడు. నేను నమ్మలేదు. వాయించి చూస్తే నిజమే, మా మందిరం గడప కళ్ళముందుకొచ్చింది. అవే మెట్లు మొదటి దాని నుంచి పోతే ఒక రాగం, మూడో దాని నుంచి పోతే ఇంకో రాగం. మెట్లు మారలేదు, ఎక్కడ మొదలుపెట్టామన్నదే మారింది. బడిలో ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన దాన్ని, ఇంత తేలికైన సంగతికి నోరు తెరుచుకుని కూర్చున్నాను. గొంతుకు తగ్గట్టు శ్రుతి దించే మీట కూడా దానికే ఉంది, మా ఆయన గొంతుకు సరిపడా దించుకున్నాను.

అయితే మెట్లు తెలిసినంత మాత్రాన రాగం రాదు. భైరవిలో పైనుంచి దిగి వచ్చేటప్పుడు కోమల రి మీద ఆగి సా మీదికి జారాలి. ఆ జారడంలోనే ఉంది దాని దిగులంతా. హార్మోనియం మీద మెట్టు నొక్కి పట్టుకుంటే తిత్తిలో గాలి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది. పియానో అలా కాదు, కొట్టగానే పుట్టి, పుట్టగానే సన్నగిల్లడం మొదలుపెడుతుంది. రి మెల్లగా కొట్టి, అది పూర్తిగా పోకముందే సా వేయాలి. ముందు వేస్తే తొక్కినట్టుంటుంది, ఆలస్యమైతే తెగిపోతుంది. ఈ ఒక్కటి పట్టుబడడానికి నాకు చలికాలమంతా పట్టింది.

అంత కష్టపడి నేర్చుకుని, సాయంత్రం ఆయనను కూర్చోబెట్టి వాయిస్తే ఏం చేశాడనుకున్నారు? నాలుగు స్వరాలు విని, ఎడమచేత్తో పక్కనున్న గుడ్డ లాగి పియానో మీద కప్పేశాడు. నా వేళ్ళు గుడ్డ కిందే ఉండిపోయాయి.

తప్పు వాయించానేమో అనుకున్నాను. మర్నాడు ఇంకా జాగ్రత్తగా వాయించాను. మళ్ళీ గుడ్డ. ఆ మర్నాడూ అంతే. ముఖంలో కోపం లేదు, నవ్వు లేదు, పని అయిపోయిన మనిషిలా చూసేవాడు. "ఏందయ్యా, మంచిగ లేదా? ఒక్కపాలి నోరు తెరువు. ఆ... అను, చాలు" అని బతిమాలాను. "అగో" అన్నాడు, గుడ్డ సవరించాడు. ఒకరోజు నాకూ సహనం పోయింది. "నాకేమన్న సరదానా గీ వయసుల గిది వాయించుడు? ఎవలి కోసం పడ్తున్న గీ గోసంతా? పాడకు, నాకేంది!" అని అరిచి వంటింట్లోకి పోయి, స్టవ్ ముట్టించకుండానే నిలబడ్డాను. ఒక్కోసారి అనిపించేది, ఆయన ఆ గట్టు మీదే... ఛీ, ఆ మాట అనను. కానీ అనిపించేది. అలసిన మనిషికి ఏమేమో అనిపిస్తుంది. రోజులు గడిచిపోతున్నాయి, డాక్టరమ్మ చెప్పిన ఏడాది కరిగిపోతోంది, ఆయన నోట్లోంచి అగో తప్ప ఇంకో మాట లేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మద్నూరు నుంచి ఆయన డోలక్ జోడీ వచ్చాడు. హైవే మీద లారీల టైర్లకు పంక్చర్లు వేసే దుకాణం అతనిది, ఇన్నేళ్ళూ మండలిలో మా ఆయన పక్కనే కూర్చుని డోలక్ వాయించాడు. మా ఆయనను అన్నా అంటాడు, నన్ను వదినె అంటాడు. మనిషి వస్తే ఇల్లంతా గోలే. "ఏం వదినె, పియానో మాస్టర్‌వు అయినవంట! మద్నూరు దాంక తెలిసింది. ఏదీ, వాయించు, నేను జోడిస్త" అని ప్లాస్టిక్ స్టూలు ఒడిలోకి లాక్కుని తాళం వేయడానికి సిద్ధమయ్యాడు. ఒకరి ముందు వాయించడం అదే మొదలు. సిగ్గుపడుతూనే పైనుంచి మూడో తెల్లమెట్టు వైపు దిగడం మొదలుపెట్టాను. రి, కాస్త ఆగి, సా.

అతను స్టూలు మీద దెబ్బ వేయలేదు. దాన్ని కళ్ళకు అద్దుకుని పక్కన పెట్టాడు. లేచి నిలబడి, కుడి అరచెయ్యి నా ముందుకు చాపాడు.

"ఏదీ?"

"ఏంది?"

"ప్రసాదం, వదినె. పుట్నాలు తే. భైరవి పట్టినంక ఇగ ఏముంటది, లేసిపోవుడే గదా!" అని నవ్వాడు. అలవాటుకొద్దీ లేచాడు, లేచాక దాన్నే ఎగతాళిగా మార్చుకున్నాడు. ఈలోపు మా ఆయన ఎడమచెయ్యి ఎప్పటిలాగే గుడ్డ లాగి పియానో మీద కప్పింది. అతని నవ్వు ఆగిపోయింది.

"దినాం గిట్లనే కప్పుతడా?"

"దినాం ఇదే కత. నేను వాయించుడు, ఆయన కప్పుడు. నా వాయించుడు నచ్చుతలేదేమో."

"అయ్యో వదినె!" అతను మళ్ళీ కూర్చున్నాడు. "నచ్చక కాదు. భజన మొదలు గాకుండనే నువ్వు దినాం మంగళం పాడుతున్నవ్. భైరవి ఆఖరుది. దాని తర్వాత పాట ఉండది, పెట్టె మీద గుడ్డ కప్పుడే. ముందు భజన లేకుండ దాన్ని పాడొద్దు, మాకది కట్టుబాటు. అన్న ఎప్పుడన్న ఇంట్ల భైరవి కూనిరాగం తీసిండా? యాదికి తెచ్చుకో."

గుర్తు చేసుకున్నాను. పొలంలో మడికి నీళ్ళు కడుతూ పాడేవాడు, స్నానం చేస్తూ పాడేవాడు, గేదెకు గడ్డి వేస్తూ పాడేవాడు. భైరవి మాత్రం మందిరంలో తప్ప ఎక్కడా వినలేదు. నెలల తరబడి సాయంత్రం సాయంత్రం ఆ మనిషిని కూర్చోబెట్టి, ఇంక అయిపోయింది పొమ్మని చెబుతూ, ఎందుకు పాడవని తిట్టాను. ఆయన కప్పింది నా నోరు మూయించడానికి కాదు. పెట్టె మూసే వేళ అయిందని నేను చెబితే మూశాడు.

"ఇంకో ముచ్చట చెప్పాల్నా?" అన్నాడు అతను, నా మొహం చూసి మాట మారుద్దామనుకున్నాడేమో. "నువ్వు గడప కాడ ప్రసాదం పళ్ళెం ఒళ్ళె పెట్టుకొని తూగుతుంటివి. మాకేమో ఇంక రెండు పాడాలని ఉంటుండె. అన్న నీ దిక్కు చూసేటోడు. 'ఆగుండ్రి, మా ఇంటామె పొద్దుగాల బస్సెక్కాలె' అని గప్పుడే భైరవి పట్టేటోడు. మేం దానికి వదినె రాగం అని పేరు పెట్టినం. అన్నను మస్తు ఆటపట్టిస్తుంటిమి."

మా ఆయన వంక చూశాను. తల పక్కకు తిప్పుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ మనిషి అలా సిగ్గుపడగా నేను చూడలేదు. ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు, ఆయనైతే అసలే చెప్పలేదు. కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియక, "చాయ్ తాగుతవా?" అని అడిగాను.

చాయ్ తర్వాత అతనే చెప్పాడు, సాయంత్రం భజన యమన్‌తో ఎత్తుకుంటారని. మనవాళ్ళు కల్యాణి అంటారు కదా, దాదాపు అదే. ఫోనులో వెతికితే పాఠాలాయన దానికీ ఒక దారి చెప్పాడు. నాలుగో తెల్లమెట్టును సా అనుకుని తెల్లవే వాయించాలట. భైరవి మూడోది, యమన్ నాలుగోది. నా వేలు ఒక్క మెట్టు పక్కకు జరగాలి, అంతే. చలికాలమంతా నేను ఒక్క మెట్టు ఇవతల కూర్చుని ఏడ్చాను.

గుడ్డ తీశాను. నాలుగో మెట్టు మీద మొదలుపెట్టాను. తడబడ్డాను, మళ్ళీ మొదలుపెట్టాను. స్టూలు మీద తాళం మెల్లగా అందుకుంది. మా ఆయన ఎడమచెయ్యి గుడ్డ వైపు పోలేదు, తొడ మీద తాళం వేసింది. చాలాసేపు అంతే. నా భుజం లాగేస్తోంది, ఆపితే ఏమవుతుందోనన్న భయంతో అవే నాలుగు స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తున్నాను. అప్పుడు ఆయన గొంతులోంచి ఏదో కదిలింది. మొదట గాలి, తర్వాత మూలుగు, మూలుగు మెల్లగా స్వరమైంది. ఆ స్వరం మీద, వంకర పోయిన మూతిలోంచే, "విఠలా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. అక్షరం కూడా పోలేదు. నేను వాయించడం ఆపేసి పియానో మీద తలపెట్టి ఏడ్చాను. దాని మెట్లన్నీ ఒక్కసారి మోగాయి. "వదినె, తాళం తప్పుతున్నవ్!" అని అరిచాడు అతను.

ఆ తర్వాత రోజూ పాడాడు. పాటలో మాటలు వస్తాయి, చరణం చరణం వస్తుంది. పాట అయిపోయి మంచినీళ్ళు కావాలంటే మళ్ళీ అగోనే. పాట పట్టుకుని మాట కూడా వస్తుందని ఎదురుచూశాను. పాడేటప్పుడు మధ్యలో ఆపి, "ఇప్పుడు చెప్పు, నా పేరు చెప్పు" అని అడిగాను. పెదవులు కదిలాయి, చెమట పట్టింది, అగో అన్నాడు. మళ్ళీ నాట్లు పడ్డాయి, డాక్టరమ్మ చెప్పిన ఏడాది దాటింది. మొన్న పోతే ఆమె ఓపిగ్గా అన్నీ చేయించి చూసి, "పాటన్న దక్కింది గదమ్మా, ఫికర్ చేయకుండ్రి" అంది. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన ఆయనను కూర్చోబెట్టి, ఆయన కుడిచెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. నాతో ఒక్క మాటంటే ఒక్క మాట చెబుతాడనుకున్నాను. ఇంకేం లేదు, అదే అనుకున్నాను.

ఇది నిన్నటి సంగతి. బళ్ళో పరీక్షలు, బస్సులో సీటు దొరకలేదు, దిగి వచ్చేటప్పటికి కాళ్ళు నావి కావు. అయినా ఆయనను లేపాను, కూర్చోబెట్టాను, గుడ్డ తీశాను. బయట ఇంకా వెలుతురుంది. యమన్ మొదలుపెట్టాను, ఆయన అందుకున్నాడు. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో నాకే తెలియదు. వేళ్ళు మెట్ల మీదే ఉన్నాయి, నేను లేను. పాట ఆగిపోయిన సంగతి కూడా తెలియలేదు. ఏదో మెట్టు మోగితే ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను.

ఆయన ఎడమచేతి వేలు మెట్ల మీద ఉంది. మెల్లగా కొట్టాడు, రి. ఆగాడు. అది పోకముందే, సా. మూడో తెల్లమెట్టు.

"ఇంక కాలేదయ్యా. రెండు కూడా పాడలే. ఇంకోటి పాడు" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. నా వంకే చూస్తూ మళ్ళీ కొట్టాడు, రి, సా. ఆ స్వరాల మీద గొంతు కలిపి భైరవి ఒక్క వరస పాడాడు, మందిరంలో పాడినట్టే. పాడి, గుడ్డ లాగి పియానో మీద కప్పి, అంచులు సరిచేశాడు. తర్వాత అదే చేత్తో తన మంచం వైపు చూపించాడు.

"అగో" అన్నాడు.

ఈ అగో ఏమిటని నేను అడగలేదు. స్టవ్ ముట్టించలేదు, మొహం కడుక్కోలేదు. ఆయనను కుర్చీలోనే ఉంచి, వెళ్ళి ఆయన మంచం మీద పడుకున్నాను.